వైద్యుల మాట వీధిలో తిట్టుగా ఎలా మారుతుంది

మీ ప్రశ్న సారాంశం ఇది. పాఠశాల వార్షికోత్సవ ఆహ్వాన పత్రికలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల నృత్యం పేరు పక్కన 'మెంటల్లీ రిటార్డెడ్ విద్యార్థులచే' అని అచ్చు వేయించారు. ఇద్దరు తల్లులు వచ్చి, నలుగురిలో మా పిల్లలను తిట్టినట్టుగా ఉందని బాధపడ్డారు. ఆ మాట మీరు కల్పించినది కాదు, ఆ పిల్లల వైకల్య ధ్రువపత్రాల మీద వైద్యులు రాసినదే. వైద్యులు రాసిన మాట తిట్టు ఎప్పుడైంది, ఎలా అయింది, రేపు ఇంకో మాట పెట్టినా దానికీ ఇదే గతి పట్టదా అని మీరు అడుగుతున్నారు. ప్రత్యేక విద్యలో ఉపాధ్యాయుడిగానూ, ఆ తరువాత పిల్లలకు మేధో పరీక్షలు చేసే ఉద్యోగంలోనూ చాలాకాలం ఈ పదాల మధ్యనే గడిపినవాణ్ని కనుక కొంత వివరంగానే రాస్తాను.

ముందు నా సమాధానం చెప్పి, తరువాత కారణాలు చెబుతాను. వైకల్యం ఉన్న మనిషిని ఒక పదంతో పిలిచినంత మాత్రాన ఆ పదం తిట్టు అయిపోదు. వైకల్యం లేని మనిషిని చులకన చేయడానికి ఆ పదాన్ని ఎత్తుకున్న రోజున దాని ప్రయాణం దారి మళ్లుతుంది. లెక్క తప్పు చేసిన తమ్ముణ్ని అన్న, క్యాచ్ వదిలేసినవాణ్ని తోటి ఆటగాళ్లు ఆ మాటతో పిలవడం మొదలుపెట్టాక అది ఒక స్థితిని సూచించడం మానేసి, మనిషి విలువను కొలిచే మాట అవుతుంది. కొన్నేళ్లకు ఆ కొత్త అర్థమే వెనక్కి తిరిగి, మొదట ఎవరి కోసం ఆ పదం పుట్టిందో వారి మీద పడుతుంది. అప్పుడు వైద్యుడు ఎంత సదుద్దేశంతో రాసినా, వినేవారి చెవికి వీధి అర్థమే ముందు తగులుతుంది. మీ ఆహ్వాన పత్రిక చదివిన తల్లులకు జరిగింది ఇదే.

దీన్ని దగ్గర నుంచి చూసిన సందర్భం ఒకటి ఉంది. మన మండల కేంద్రాల్లో చాలాచోట్ల ప్రభుత్వ పాఠశాలల ఆవరణలోనే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ఆ పేరు పెట్టినవారు బాగా ఆలోచించి పెట్టారు, అందులో లోపం ఊసు గానీ జాలి వాసన గానీ లేదు. అటువంటి ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజన సమయంలో కుళాయిల దగ్గర నిలబడి ఉన్నాను. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు పళ్లెం జారవిడిచాడు, పప్పన్నం మట్టిపాలైంది. వెనక నున్న స్నేహితుడు, 'నిన్ను తీసుకెళ్లి భవితలో వెయ్యాలిరా' అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. భవిత గది గడప మీద వ్యాయామపు బంతి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పదేళ్ల అమ్మాయి కూడా ఆ మాట విన్నది, అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది. అన్నవాడికి ఆ అమ్మాయిని నొప్పించాలన్న ఉద్దేశం రవ్వంత లేదు, అసలు ఆమె అక్కడ ఉన్న సంగతి కూడా వాడు గమనించలేదు. పదాలు చెడిపోవడానికి దుర్మార్గులు అవసరం లేదని నాకు అక్కడ అర్థమైంది.

ఇక పాత సంగతులకు వస్తాను. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ అనే ఇద్దరు, బడిలో వెనకబడుతున్న పిల్లల్లో ఎవరికి అదనపు సాయం కావాలో తెలుసుకోవడానికి ఒక పరీక్ష తయారుచేశారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌ల్యాండ్ శిక్షణ సంస్థలో పనిచేస్తున్న హెన్రీ గొడార్డ్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, దాని ఆధారంగా 1910లో మూడు మెట్ల వర్గీకరణ ప్రతిపాదించాడు. మానసిక వయసు, అంటే తెలివి ఏ వయసు పిల్లల స్థాయిలో ఉందో ఆ వయసు, రెండేళ్లు దాటనివారు ఇడియట్లు, మూడు నుంచి ఏడేళ్ల వరకు ఇంబెసైల్లు, ఎనిమిది నుంచి పన్నెండు వరకు మోరాన్లు. మొదటి రెండూ అప్పటికే వైద్యుల వాడుకలో ఉన్నవి, మూడోదాన్ని ఆయనే గ్రీకు మూలం నుంచి పుట్టించాడు. అంటే మోరాన్ అన్నది పుట్టుకతో తిట్టు కాదు, సభలో చదివిన పత్రంలో పుట్టిన సాంకేతిక పదం. ఇవాళ ట్రాఫిక్‌లో అడ్డం వచ్చినవాణ్ని ఇడియట్ అని తిట్టే మనలో ఎవరికీ అది ఒకప్పుడు ఆసుపత్రి రికార్డుల్లో రోగ నిర్ధారణగా ఉండేదన్న స్పృహ ఉండదు.

అయితే ఈ పదాలు మొదట నిర్మలంగా ఉండి, తరువాత జనం నోట పడి చెడిపోయాయి అనే కథను నేను పూర్తిగా ఒప్పుకోను. వాటికి అప్పగించిన పనే అటువంటిది. ఎవరిని బడిలో ఉంచాలి, ఎవరిని ఊరి బయటి సంస్థలో పెట్టి తాళం వేయాలి, ఎవరికి పిల్లలు పుట్టకుండా చేయాలి అని తేల్చడానికి ఆ మెట్లు పనికొచ్చాయి. 1927లో వర్జీనియాకు చెందిన క్యారీ బక్ అనే యువతికి బలవంతంగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయడం చట్టబద్ధమేనని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 'మూడు తరాల ఇంబెసైల్లు చాలు' అని ఆ తీర్పులో న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్ రాశాడు. ఆ మూడు తరాలు అంటే క్యారీ తల్లి, క్యారీ, ఆమె పసిబిడ్డ. ఆ బిడ్డ తరువాత బడిలో చేరి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల జాబితాలో నిలిచింది. అటువంటి చట్టాల కింద ఆ దేశంలో 60,000 మందికి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. ఒక పదం తగిలించగానే మనిషి హక్కులు ఊడిపోతుంటే, ఆ పదాన్ని చూసి చుట్టూ ఉన్నవారు భయపడతారు, ఆ భయంలోంచే ఎగతాళి పుడుతుంది. వీధిలో పిల్లలు తిట్టడం నేర్చుకునేది కోర్టులు, కార్యాలయాలు ఆ పదంతో ఏమి చేస్తున్నాయో చూశాకనే.

ఆ మూడు పదాలూ పనికిరాకుండా పోయాక వాటి స్థానంలో మర్యాద కోసం తెచ్చిన మాటే మెంటల్ రిటార్డేషన్. రిటార్డ్ అంటే ఆలస్యం కావడం అంతే. ఎదుగుదల కాస్త నెమ్మదిగా ఉంది అని తల్లిదండ్రులకు నొప్పి తగలకుండా చెప్పడానికి అంతకంటే మెత్తని మాట అప్పట్లో దొరకలేదు. మన దేశం కూడా ఆ మాటనే స్వీకరించింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో గుర్తించిన ఏడు వైకల్యాల్లో అది ఒకటి. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం పూర్తి పేరులో ఆ మాట ఇప్పటికీ ఉంది. 1984లో సికింద్రాబాద్‌లో, బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో స్థాపించిన జాతీయ సంస్థకు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది మెంటల్లీ హ్యాండిక్యాప్డ్ అని పేరు పెట్టారు. మా తరం ప్రత్యేక విద్య చదివినవాళ్లం దాన్ని ఎన్ఐఎంహెచ్ అనే పిలిచేవాళ్లం, ఇప్పుడది మేధో వైకల్యం గలవారి సాధికారత సంస్థగా పేరు మార్చుకుని ఎన్ఐఈపీఐడీ అయింది. ఆటో డ్రైవర్లు, పాత ఉద్యోగులు మాత్రం పాత పేరే చెబుతారు.

ప్రత్యేక పాఠశాలల్లో పనిచేసేవారి మాటల్లో ఈ పదం ఇంకా పొట్టిదైంది. 'ఎంఆర్ పిల్లలు', 'ఎంఆర్ సెక్షన్', 'ఎంఆర్ టీచర్' అనేవాళ్లం. అందులో చెడు ఉద్దేశం లేదు, రోజూ నలభై సార్లు పలకవలసిన మాటను ఎవరైనా కుదించుకుంటారు. కానీ కుదించినప్పుడు ఒక నష్టం జరుగుతుంది. 'మేధో ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లవాడు' అన్నప్పుడు పిల్లవాడు మిగిలి ఉంటాడు, 'వాడు ఎంఆర్' అన్నప్పుడు ఆ స్థితే మనిషి అయిపోతుంది. ఇంగ్లీషులోనూ ఇదే జరిగింది. రిటార్డేషన్ అన్న పొడుగాటి మాట తిట్టుగా మారలేదు, దాన్ని తుంచి మనిషికి పేరుగా పెట్టిన 'రిటార్డ్' తిట్టుగా మారి, తరువాత తన మూలాన్ని కూడా కాటేసింది. అమెరికాలో మేరీల్యాండ్‌కు చెందిన డౌన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జన్యు స్థితి ఉన్న రోజా మార్సెల్లినో అనే బాలిక కుటుంబం చేసిన కృషితో, 2010 అక్టోబరులో అక్కడి సమాఖ్య చట్టాల్లో ఆ మాటను తొలగించి మేధో వైకల్యం అన్న అర్థమిచ్చే మాట పెట్టారు. దాన్ని రోజా చట్టం అంటారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం అయిదో కూర్పులోనూ అదే మార్పు వచ్చింది. మన దగ్గర 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచుతూ పాత మాటను వదిలేసింది. మీరు చూసిన ధ్రువపత్రాలు అంతకు ముందువి అయి ఉండాలి, లేదా పాత అలవాటు పోని చేయి రాసినవి అయి ఉండాలి.

తెలుగులో దీనికి మరో చిక్కు ఉంది, మీ పత్రికలోని మాట అంతగా గుచ్చుకోవడానికి అదే ముఖ్య కారణమని నా అభిప్రాయం. రిటార్డెడ్ అన్న మాట మన ఊళ్లలో తిట్టుగా పెద్దగా వాడరు. మన తిట్టు 'మెంటల్'. ఇంగ్లీషులో అది మనసుకు సంబంధించిన అని చెప్పే మామూలు విశేషణం. మనం 'మెంటల్ హాస్పిటల్'లోంచి, 'మెంటల్లీ రిటార్డెడ్'లోంచి ఆ ముక్కను విడగొట్టి, దాన్నే మనిషిని చేశాం: 'వాడో మెంటల్', 'మెంటల్ నా కొడుకు', 'మెంటలోడు'. ఇక్కడ తెలుగు ప్రత్యయాల పాత్ర గమనించదగ్గది. గుడ్డి, కుంటి, అవిటి, చెవిటి అన్నవి విడిగా ఉంటే ఒక అవయవ స్థితిని చెబుతాయి. వాటికి 'ఓడు' చేర్చగానే గుడ్డోడు, కుంటోడు, అవిటోడు అయి, ఆ మనిషిలో చెప్పుకోదగ్గది అదొక్కటే అన్నట్టు వినిపిస్తుంది. అదే చోట 'వారు' చేరిస్తే అంత చురుక్కుమనదు. మన భాషలో గౌరవం, తూలనాడడం రెండూ ఈ చివరి అక్షరాల దగ్గరే తేలిపోతాయి కనుక, ఎంత మంచి పదం తెచ్చి పెట్టినా ఒక్క 'ఓడు'తో దాన్ని చెడగొట్టవచ్చు.

'మెంటల్' వల్ల జరిగిన ఇంకో అన్యాయం ఏమిటంటే, బొత్తిగా సంబంధం లేని రెండు స్థితులను అది ఒకే గాటన కట్టింది. మేధో వైకల్యం పుట్టుక నుంచి గానీ ఎదిగే వయసులో గానీ వచ్చి జీవితాంతం ఉండేది, జబ్బు కాదు. స్కిజోఫ్రేనియా, తీవ్రమైన కుంగుబాటు వంటివి జబ్బులు, ఏ వయసులోనైనా రావచ్చు, చికిత్స ఉంది. 'మానసిక వికలాంగులు' అన్న మన అధికారిక తెలుగు కూడా ఈ గందరగోళాన్ని పెంచిందే తప్ప తగ్గించలేదు. తన బిడ్డకు పిచ్చి అని ఊరంతా అనుకుంటున్నారని ఏడ్చిన తల్లులు నా గదిలో ఎందరో కూర్చున్నారు. వారికి మేధో పరీక్ష ఫలితం చెప్పడానికి ముందు ఆ రెండింటికీ తేడా చెప్పవలసి వచ్చేది.

పదమే కాదు, ఊరి పేరు కూడా ఈ దారిన పడగలదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఒక మామూలు పేట. అక్కడ రైతు బజార్ ఉంది, ఛాతీ ఆసుపత్రి ఉంది, మెట్రో స్టేషన్ ఉంది, వేల కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. కానీ మానసిక ఆరోగ్య సంస్థ కూడా అక్కడే ఉండడంతో 'వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి' అంటే వివరణ అవసరం లేకుండా పోయింది. హిందీవారికి ఆగ్రా, రాంచీ ఎలాగో, చెన్నైవారికి కీళ్పాక్ ఎలాగో మనకు ఇది అలాగ. ఆసుపత్రికి మొదటిసారి వచ్చే కుటుంబాల్లో కొందరు ఆటోవాడికి ఆసుపత్రి పేరు చెప్పలేక రైతు బజార్ దగ్గర దిగి, అక్కడి నుంచి రోగిని నడిపించుకుని వస్తారు. ఎర్రగడ్డ అన్న మాటలో ఏ లోపమూ లేదు, ఏ వైకల్యాన్నీ అది సూచించదు, దాని బదులు మరో మెత్తని మాట తెచ్చే అవకాశం కూడా లేదు. పదం అర్థంలో దోషం ఉండబట్టే అది తిట్టు అవుతుందని వాదించేవారికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను.

ఒకే పదానికి మూడు దేశాల్లో మూడు గతులు పట్టిన ఉదాహరణ స్పాస్టిక్. కండరాలు బిగుసుకుపోయే స్థితికి వైద్యంలో అది ఇప్పటికీ సరైన మాటే. మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు కష్టమయ్యే సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో చాలామందికి ఉండే ఇబ్బంది అది. 1952లో లండన్‌లో కొందరు తల్లిదండ్రులు, ఒక సామాజిక కార్యకర్త కలిసి స్పాస్టిక్స్ సొసైటీని స్థాపించారు, అప్పట్లో ఆ పేరు గౌరవంగానే ఉండేది. 1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం. ఆ సందర్భంగా బీబీసీ పిల్లల కార్యక్రమం ఒకటి జోయీ డీకన్ అనే వృద్ధుణ్ని పరిచయం చేసింది. ఆయన చిన్నతనం నుంచీ ఆసుపత్రిలోనే పెరిగి, తన మాట అర్థం చేసుకోగలిగిన స్నేహితుల సాయంతో ఆత్మకథ చెప్పి రాయించిన మనిషి. పిల్లల్లో సానుభూతి కలుగుతుందని కార్యక్రమం చేసినవారు ఆశించారు. కానీ బడి మైదానాల్లో పిల్లలు ఆయన ముఖ కవళికలను అనుకరిస్తూ, చేత కానివాణ్ని 'జోయీ' అనడం, 'స్పాజ్' అనడం మొదలుపెట్టారు. చివరికి 1994లో ఆ సంస్థ తన పేరును స్కోప్ అని మార్చుకోవలసి వచ్చింది. కొన్నాళ్లకు పిల్లలు 'స్కోపర్' అనడం కూడా నేర్చారని అక్కడివారు చెప్పుకున్నారు.

అదే మాట అమెరికాలో కేవలం తడబడేవాడు అన్నంత తేలికగా మిగిలింది. 2006లో గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ తన ఆట బాగా లేదని చెబుతూ తనను తానే ఆ మాటతో పిలుచుకుంటే అమెరికాలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, బ్రిటన్‌లో మాత్రం దుమారం రేగి ఆయన క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఇక మన దేశంలో 1972లో మిథు అలూర్ ముంబైలో స్థాపించిన స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా తరువాత అడాప్ట్ అని పేరు మార్చుకుంది, చెన్నైలోనిది విద్యాసాగర్ అయింది, బెంగళూరులోనిది స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక పేరుతోనే కొనసాగింది. మన వీధుల్లో ఎవరూ ఎవరినీ స్పాస్టిక్ అని తిట్టరు కనుక ఆ బోర్డు ఎవరినీ నొప్పించలేదు. విచిత్రం ఏమిటంటే, 2024 జూలైలో మన సుప్రీంకోర్టు దృశ్య మాధ్యమాల్లో వికలాంగుల చిత్రణ గురించి మార్గదర్శకాలు ఇస్తూ, మానవలసిన పదాలకు ఉదాహరణగా క్రిపుల్‌తో పాటు స్పాస్టిక్‌నే పేర్కొంది. ఆ తీర్పు సారం నాకు నచ్చింది, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యానికీ, వికలాంగులను కించపరిచే హాస్యానికీ అది తేడా చూపింది. ఉదాహరణలు మాత్రం ఇంగ్లీషు మాట్లాడే ప్రపంచానివి, మన పల్లెల్లో వినిపించే మాటలు ఒక్కటీ వాటిలో లేవు.

డౌన్ సిండ్రోమ్‌కు ఒకప్పుడు వాడిన మంగోలిజం అన్న పాత వైద్య పదం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ దెబ్బ రెండు వైపులా తగిలింది. 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అనే బ్రిటిష్ వైద్యుడు కొందరు పిల్లల ముఖ కవళికలను చూసి, మనుషుల్ని జాతులవారీగా విడదీసే అప్పటి ఆలోచనలతో వారికి ఒక జాతి పేరు తగిలించాడు. 1961లో జన్యు శాస్త్రజ్ఞులు కొందరు లాన్సెట్ వైద్య పత్రికలో ఆ మాట మానాలని లేఖ రాశారు. 1965లో మంగోలియా ప్రతినిధులు కోరాక ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వదిలేసింది. ఒక దేశ ప్రజలు తమ పేరును తిట్ల జాబితాలోంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఎన్ని మార్చినా ఇంతే కదా అన్నది. మెత్తని పదం తేవడం, అది మాసిపోవడం, మరొకటి తేవడం అనే ఈ నడకకు 1994లో స్టీవెన్ పింకర్ అనే భాషా, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు యూఫెమిజం ట్రెడ్‌మిల్ అని పేరు పెట్టాడు. మనుషుల మనసులో ఉన్న భావన మారనంతవరకు కొత్త పదానికి పాత మకిలి అంటుకుంటూనే ఉంటుందని ఆయన వాదన. అందులో నిజం ఉంది, భవిత కేంద్రం గడప దగ్గర నేను విన్నది దానికి సాక్ష్యమే. 'స్పెషల్' అన్న మాటకూ ఇప్పుడు అదే జరుగుతోంది, ఇంటర్నెట్‌లో 'ఆటిస్టిక్' అన్న మాటకూ అదే మొదలైంది. అయినా ఆ వాదన సగమే అని నేనంటాను. అన్ని పదాలూ ఒకే వేగంతో మాయవు. ఇంగ్లీషులో బ్లైండ్, డెఫ్ అన్నవి శతాబ్దాల నాటి మాటలు, ఇప్పటికీ అంధుల సంఘాలు తమ పేర్లలో వాటిని పెట్టుకుంటున్నాయి. సంకేత భాష మాట్లాడే బధిరులు చాలామంది తమను డెఫ్ అని చెప్పుకోవడానికి ఇష్టపడతారు, 'వినికిడి లోపం' అంటేనే అభ్యంతరం చెబుతారు. వారికి కోపం తెప్పించేది 'మూగ' అన్న మాట, ఎందుకంటే వారికి భాష ఉంది. ఈ పదాలు నిలబడడానికి కారణం వాటి యజమానులు వారే కావడం. తమ సంఘాలు, తమ బడులు, తమ పత్రికలు పెట్టుకుని, ఆ మాటను తమ నోటితో రోజూ పలుకుతున్నారు కనుక వీధి అర్థం దాన్ని పూర్తిగా ఆక్రమించలేకపోయింది. మేధో వైకల్యం ఉన్నవారికి ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు. వారికి పెట్టిన ప్రతి పేరూ వైద్యులో, అధికారులో, తల్లిదండ్రులో పెట్టినదే.

ఇదే కారణంగా 'దివ్యాంగులు' అన్న మాట పట్ల నాకు ఉత్సాహం లేదు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో సూచించాక అది ప్రభుత్వ వాడుకలోకి వచ్చింది. వికల అన్న మాటలో లోపం ధ్వనిస్తుందన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ నడవలేని మనిషి అవయవంలో దివ్యత్వం ఏమిటని, మాకు కావలసింది ర్యాంపు గానీ పొగడ్త కాదని వికలాంగుల హక్కుల జాతీయ వేదిక వంటి సంఘాలు అప్పుడే వ్యతిరేకించాయి. ఆ వేదికతో పాటు వికలాంగుల హక్కుల పోరాట సమితి కూడా తన పేరులో పాత మాటనే ఉంచుకుందని గమనించండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వాడుకలోని 'విభిన్న ప్రతిభావంతులు' గురించి చెప్పాలంటే, అది దరఖాస్తు ఫారంలోనే తప్ప మనుషుల నోట నేను విన్నది చాలా తక్కువ. వైకల్య ధ్రువపత్రాలు ఇచ్చే సదరం శిబిరంలో వరుసలో నిలబడ్డ ఎవరినైనా అడగండి, 'నేను హ్యాండిక్యాప్డ్ అండి' అంటారు, లేదా 'కాలు అవిటి' అంటారు. పై నుంచి కట్టబెట్టిన పొగడ్తలు పలికేవారికి కృతకంగానూ, వినేవారికి వెక్కిరింతగానూ మారడానికి ఎక్కువ కాలం పట్టదు. హరిజన అన్న మాటను దళితులు ఎందుకు తిరస్కరించారో తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

అయినా పదం మార్చడం వృథా అని నేననను. మార్చిన ప్రతిసారీ కొన్నేళ్లపాటు ఆ పిల్లలు తిట్టు కాని మాటతో పిలవబడతారు, ఒక పిల్లవాడి బడి జీవితానికి అన్నేళ్లు చాలు. మార్పు సందర్భంగా జరిగే చర్చ వల్ల చట్టాలు కూడా కదులుతాయి. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం పోయి 1987 చట్టం, అది పోయి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చినప్పుడు పేరుతో పాటు రోగి హక్కులు కూడా మారాయి. అలాగే 2016 చట్టంలోని 92వ సెక్షన్, నలుగురికీ కనబడే చోట వికలాంగులను అవమానించాలన్న ఉద్దేశంతో కించపరిచినవారికి ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా విధిస్తుంది. ఆ సెక్షన్ నిషిద్ధ పదాల జాబితా ఇవ్వలేదు, ఉద్దేశాన్ని చూస్తుంది. అది తెలివైన పని, ఎందుకంటే జాబితా ఇచ్చి ఉంటే పదేళ్లలో అది పాతబడేది. మీ ఆహ్వాన పత్రిక ఆ సెక్షన్ కిందికి రాదు, మీకు దురుద్దేశం లేదు కనుక భయపడకండి.

ఇక మీరు చేయవలసింది. ఆహ్వాన పత్రికలో ఆ పిల్లల నిర్ధారణ రాయవలసిన అవసరం అసలు లేదు. వినికిడి పరీక్ష ఫలితాలు, కళ్లజోడు పవర్లు మిగతా పిల్లల పేర్ల పక్కన అచ్చు వేయరు కదా. 'ఆరు, ఏడు తరగతుల విద్యార్థుల కోలాటం' అని రాస్తే సరిపోతుంది. నిధుల కోసమో, రాయితీల కోసమో రాయక తప్పని పత్రాల్లో 'మేధో వైకల్యం ఉన్న విద్యార్థులు' అని రాయండి. 'బుద్ధిమాంద్యం' అన్న పాత అధికారిక మాట ఇంకా చాలా ఫారాల్లో కనిపిస్తుంది, కానీ మందబుద్ధి అన్న తిట్టు దానికి మరీ దగ్గర చుట్టం, మీరు వాడకపోవడం మంచిది. సిబ్బంది గదిలో ఎంఆర్ అన్న పొడి మాట మానిపించడం ఫారాల కంటే ముఖ్యం, ఎందుకంటే పిల్లలు నేర్చుకునేది అక్కడి నుంచే. తెలియకుండా ఆ మాట అన్న పిల్లవాణ్ని అందరి ముందు శిక్షించవద్దు, ఆ మాటకు నిషిద్ధమైన ఆకర్షణ వస్తుంది. పక్కకు పిలిచి, ఫలానా అమ్మాయి చదివే గది పేరును తిట్టుగా ఎందుకు వాడావని ఒక్క ప్రశ్న అడిగితే ఎనిమిదో తరగతి పిల్లవాడికి అర్థమవుతుంది. పెద్ద పిల్లలు ఉంటే, తమ గురించి ఏమని చెప్పమంటారో వారినే అడగండి. నేను అడిగిన పిల్లల్లో ఎక్కువమంది తమ పేరు, తరగతి చెప్పమన్నారు.

ధ్రువపత్రాల విషయంలో ఆ తల్లులకు ఒక మాట చెప్పండి. 1995 చట్టం కింద ఇచ్చినవి వాటి మీద రాసిన గడువు వరకు చెల్లుతాయి, మాట పాతదైనంత మాత్రాన ధ్రువపత్రం రద్దు కాదు. కొట్టివేతలు, దిద్దుబాట్లు సొంతంగా చేయవద్దు, అప్పుడే అది చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. గడువు ముగిసినవారు, లేదా కొత్త మాటతో కావాలనుకునేవారు స్లాట్ తీసుకుని వైకల్య నిర్ధారణ శిబిరానికి వెళితే, వైద్యుల బోర్డు 2016 చట్టంలోని పేరుతోనే రాసి ఇవ్వాలి. వెళ్లేటప్పుడు పాత ధ్రువపత్రం, ఆధార్, పిల్లవాడి పాత పరీక్షా నివేదికలు ఏవైనా ఉంటే అవి వెంట తీసుకెళ్లమనండి.